శ్రీకాకుళం జిల్లా నిదానంగా చూద్దామనుకునేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది టెక్కలి దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆఫీసులో వాళ్ళు, ఫ్రెండ్స్, వాళ్ళ చుట్టాలు, ఎవరో ఒకరు ఫోన్ చేసి "మీ వైపు వద్దామనుకుంటున్నాం, ఏం చూడాలి" అని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్తూ వచ్చాను ఇన్నాళ్ళూ, ఇక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అరకు, లంబసింగి, వైజాగ్ బీచ్ గురించి ఇందులో ఉండదు, వాటికి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అసలు శ్రీకాకుళంలో చూడ్డానికి ఏముంది?

అందరూ మొదట అడిగేది ఇదే, కొంచెం బాధగా కూడా ఉంటుంది నాకు. పూరీ వెళ్ళేవాళ్ళు, కోణార్క్ వెళ్ళేవాళ్ళు ట్రైన్‌లో మా జిల్లా మీదుగానే పోతారు, చాలాసార్లు నిద్రలో దాటేస్తారు. పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు, కోణార్క్ కట్టించిన నరసింహదేవుడు, ఇద్దరూ తూర్పు గంగ వంశం వాళ్ళు. ఆ వంశానికి చాలాకాలం రాజధాని కళింగనగరం, అంటే ఇప్పుడు మన జలుమూరు మండలంలో ఉన్న శ్రీముఖలింగం అనే పల్లె. మొదలు ఇక్కడుంటే చివర మాత్రం చూసి వచ్చేస్తున్నారు జనం.

ఇంకా చెప్పాలంటే వంశధార, నాగావళి రెండు నదులు, శాలిహుండం బౌద్ధ స్తూపాలు, పొందూరు ఖద్దరు, తేలినీలాపురంలో ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు (పెలికాన్ పక్షులు), ఉద్దానం కొబ్బరి తోటలు, బారువ తీరం. అయితే ఇవన్నీ "స్పాట్స్" అని లిస్ట్ రాసుకుని టిక్కులు పెట్టుకుంటూ వస్తే రెండో రోజుకే ఇంతేనా అనిపిస్తుంది. ఒక చోట కాసేపు కూర్చుంటేనే ఏదైనా కనపడే ప్రాంతం ఇది.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

నాలుగు రోజులు. రెండు రోజులే ఉన్నాయంటే జిల్లా మొత్తం తిరగాలనుకోవద్దు, ఒక్క వంశధార వెంబడే తిరగండి: శ్రీముఖలింగం ఒక పూట, శాలిహుండం, కళింగపట్నం ఒక పూట. వారం ఉంటే ఇచ్ఛాపురం దాకా వెళ్ళొచ్చు.

ఎలా రావాలి? ఎక్కడ దిగాలి?

వైజాగ్ నుంచి శ్రీకాకుళం టౌన్ సుమారు 110 కిలోమీటర్లు, నేషనల్ హైవే 16 మీద ఆర్టీసీ బస్సులు వస్తూనే ఉంటాయి, టౌన్‌లో కాంప్లెక్స్‌లో, అంటే బస్టాండ్‌లో దిగుతారు. ట్రైన్ అయితే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, అది టౌన్‌లో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది, అక్కడి నుంచి టౌన్‌కి ఓ 12, 13 కిలోమీటర్లు. కొత్తవాళ్ళు ఇక్కడే తికమకపడతారు, స్టేషన్ బయట బస్సులు, ఆటోలు ఉంటాయి కంగారు పడక్కర్లేదు. ఉత్తరం వైపు చూడాలనుకుంటే నేరుగా పలాసలో దిగితే మంచిది.

కారు లేకుండా తిరగ్గలమా?

తిరగొచ్చు, నిజానికి నేను అదే చేయమంటాను. పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఊళ్ళ పేర్లన్నీ కండక్టర్ నోటే తెలుస్తాయి. నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట హైవేకి ఆనుకునో దగ్గర్లోనో ఉన్న ఊళ్ళు, అక్కడి నుంచి లోపలికి సర్వీస్ ఆటోలు పోతుంటాయి. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఫ్రీ, ఆధార్ లాంటి కార్డు ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త, బస్సు దిగిన వెంటనే తిరిగి వెళ్ళే చివరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌నో టీ కొట్టు వాళ్ళనో అడిగి పెట్టుకోండి. నేను ఒకసారి అడక్కుండా గుడి దగ్గర చీకటి పడేదాకా కూర్చున్నాను, రోడ్డు మీదకి వచ్చేసరికి బస్సు లేదు, చివరికి గడ్డి లోడుతో పోతున్న ట్రాక్టర్ ఆయన ఎక్కించుకుని మెయిన్ రోడ్డు దాకా దింపాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ రోజు అలా గడిచిపోయింది గానీ పిల్లలతో ఉన్నప్పుడు అలా జరగకూడదు.

బస ఎక్కడ?

దక్షిణం వైపుకి శ్రీకాకుళం టౌన్, ఉత్తరం వైపుకి టెక్కలి గానీ పలాస గానీ. మూడు చోట్లా మామూలు లాడ్జీలు ఉన్నాయి, రూమ్ చూసుకున్నాకే డబ్బు కట్టండి. పల్లెల్లో హోమ్‌స్టేల మీద ఆశ పెట్టుకోవద్దు, తెలిసినవాళ్ళు ఉంటే తప్ప.

శ్రీముఖలింగంలో ఏం చూడాలి, గంటలో అయిపోతుందా?

గంటలో అయిపోతుంది, మీరు అవగొడితే. నేను మాత్రం సగం రోజు ఉండమంటాను.

శ్రీకాకుళం నుంచి 45 కిలోమీటర్ల పైచిలుకు, వంశధార ఎడమ గట్టు మీద ఉంటుంది. మూడు గుళ్ళు: ముఖలింగేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. పెద్ద గుడిలో స్వామిని మధుకేశ్వరుడని కూడా అంటారు, మధూకం అంటే ఇప్ప చెట్టు, ఇప్ప మొద్దులోంచి శివుడు ముఖంతో వెలిశాడని ఊళ్ళో చెప్పే కథ. గర్భగుడి వెనక ఒక పేద్ద మట్టి గోలెం ఉంటుంది, దాని వెనక ఒక కుమ్మరి కథ ఉంది, అది పూజారిగారినో అక్కడున్న ముసలివాళ్ళనో అడిగి వినండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు కాబట్టి నేను చెప్పను.

నాకు ఇష్టమైంది మాత్రం ఊరు మొదట్లో ఒంటరిగా నిలబడి ఉండే సోమేశ్వరాలయం. మండపం లేదు, గాలిగోపురం లేదు, ఒక్క శిఖరం నిటారుగా. ద్వారం పక్కన చెక్కిన లతలు దగ్గరికెళ్ళి చూడండి, వేలెడంత జాగాలో కూడా ఆకు, మొగ్గ, మళ్ళీ ఆకు, ఎక్కడా చెయ్యి తడబడినట్టుండదు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఆ చెక్కడం అంతా లోతుగా కనిపిస్తుంది, మధ్యాహ్నం వెళ్తే అదే రాయి చదునుగా ఉంటుంది, అందుకే సాయంత్రమే అంటున్నాను. క్రితంసారి నేను వెళ్ళినప్పుడు మెట్టు మీద ఓ పాప ఎక్కాలు రాసుకుంటోంది, నన్ను చూసి "ఎవులింటికొచ్చినారు?" అని అడిగింది. గుడి చూడ్డానికే వచ్చానంటే నమ్మలేదు, చుట్టాలు లేకుండా ఆ ఊరు ఎవరైనా వస్తారా అని దానికి అనుమానం.

ఇంకో సంగతి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే. ఈ గుళ్ళ శాసనాల లిపిని ఆయన ఎవరూ నేర్పకుండా సొంతంగా చదవడం నేర్చుకున్నారు. మనం ఇలా మాట్లాడినట్టే రాసుకోగలుగుతున్నామంటే ఆయన పుణ్యమే, ఆ గోడల మీద అక్షరాలు చూస్తుంటే నాకు ఎప్పుడూ ఆయనే గుర్తొస్తారు.

శివరాత్రికి మాత్రం ఊరు ఇసకేస్తే రాలదు, ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజులు తప్పించండి. జాతరే చూడాలంటే అప్పుడే రండి, అది వేరే ఆనందం.

శాలిహుండం, కళింగపట్నం ఒకే రోజులో అవుతాయా?

హాయిగా. రెండూ గార మండలంలోనే, మధ్య దూరం ఐదారు కిలోమీటర్లు. శాలిహుండం కొండ చిన్నదే, మెట్లు ఎక్కుతుంటే ఇటుకల స్తూపాలు, చైత్యాల (బౌద్ధుల ప్రార్థన మందిరాల) పునాదులు ఒక్కొక్కటీ వస్తాయి. 1919లో దీన్ని మొదట గుర్తించింది కూడా గిడుగు వారే. పైన నిలబడితే కింద వంశధార ఇసక తిన్నెలు, పొలాలు, దూరంగా సముద్రం గీత. పొద్దున్నే ఎక్కండి, పైన నీడ తక్కువ, నీళ్ళ సీసా మీరే పట్టుకెళ్ళాలి.

కళింగపట్నం ఒకప్పుడు రేవు, ఇప్పుడు లైట్‌హౌస్, బీచ్, వలలు బాగుచేసుకునే జాలర్లు. వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే.

సముద్రంలో దిగొచ్చా?

కాళ్ళు తడుపుకోండి చాలు. నది కలిసే చోట అస్సలు దిగొద్దు, పైకి నెమ్మదిగా కనపడే నీరు కింద లాగేస్తుంది. జాలర్లు వద్దంటే వద్దు, వాళ్ళ మాటకి ఎదురు చెప్పకండి. అంత పొడుగు తీరంలో మిమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు ప్రతిచోటా ఉండరు.

అరసవల్లి, శ్రీకూర్మం కూడా చూడాలా? అవి అందరూ చూసేవే కదా?

చూడాలి. అందరూ చూస్తారు గానీ పది నిమిషాల్లో దండం పెట్టుకుని వెళ్ళిపోతారు. అరసవల్లిలో మార్చి రెండో వారంలో, అక్టోబర్ మొదటి రోజుల్లో పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, మబ్బు పడితే లేదు. రథసప్తమికి, ఆదివారాలకి రద్దీ. శ్రీకూర్మంలో స్వామి పడమర ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు ఉన్నాయి, చెరిగిపోతున్నాయి, దయచేసి చెయ్యి పెట్టకండి, ఆనుకుని ఫోటో దిగకండి. గుళ్ళో పెంచే నక్షత్ర తాబేళ్ళని పిల్లలు చేత్తో ఎత్తకుండా చూసుకోండి.

పొందూరు వెళ్ళి నేత చూడొచ్చా? ఎవర్ని అడగాలి?

పనిరోజు పొద్దున వెళ్ళండి. ముందు ఖాదీ సంఘం దగ్గరికి వెళ్ళి మర్యాదగా అడగండి, వాళ్ళు ఏ వీధిలో వడుకుతారో, ఏ వీధిలో నేస్తారో చెప్తారు. గాంధీగారే మెచ్చుకున్న ఖద్దరు అది.

మీరు చూడాల్సింది చీర కాదు, చీరకి ముందు జరిగేది. కొండపత్తి గింజ చుట్టూ ఉన్న దూదిని మొదట దువ్వుతారు, దేనితో అంటే వాలుగ చేప దవడతో. ఆ దవడలో సూదుల్లాంటి సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి, ఇంత చిన్న ముక్క, ఓ ముసలమ్మ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని దూదిని ఒక్కో గింజ మీద ఇలా ఇలా గీస్తుంటే చెత్త కింద రాలిపోయి పోగులన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి. తర్వాత గింజ తీయడం, విల్లుతో ఏకడం, ఆ దూదిని వడకడానికి వత్తుల్లా ఏకులు చుట్టడం. వడికేటప్పుడు ఏకు నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. అప్పుడు రాట్నం మీద వంద కౌంట్ నూలు వస్తుంది, వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే తప్ప కంటికి ఆనదు.

నేను ఆ ముసలమ్మ పక్కన ఓ గంట కూర్చున్నాను. ఆ గంటలో ఆమె ముందు పోగైన దూది నా గుప్పిట్లో పట్టేంత. ధోవతి ఖరీదు ఎక్కువ అని ఎవరైనా అంటే నేను ఆ గుప్పెడే చెప్తాను. ఆమె కూతుళ్ళు ఎవరూ ఈ పని నేర్చుకోలేదు, కూలి గిట్టదు కాబట్టి వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. అందుకే వెళ్తే బేరం ఆడకండి, రుమాలు కొన్నా సరే అక్కడే కొనండి.

పక్షులు చూడ్డానికి ఎక్కడికి, ఎప్పుడు?

తేలినీలాపురం, టెక్కలికి దగ్గర. సెప్టెంబర్, అక్టోబర్‌లో వస్తాయి, గూళ్ళు కట్టి పిల్లల్ని చేసి మార్చి దాటాక వెళ్ళిపోతాయి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. డిసెంబర్, జనవరి మంచి టైం, పిల్లలు గూళ్ళలో అరుస్తుంటాయి. చెట్లు ఊరి మధ్యలో ఉంటాయి, వాళ్ళ పెరట్లో మీరు నడుస్తున్నారని గుర్తుపెట్టుకోండి. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ళ నమ్మకం, కూతుళ్ళు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు వాటిని. డ్రోన్ ఎగరేయకండి, చప్పట్లు కొట్టి లేపకండి.

వానాకాలంలో వచ్చేవాళ్ళయితే ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి వెళ్ళండి, జూన్ నుంచి అక్కడ చింతచెట్ల నిండా నత్తగుల్ల కొంగలు.

టెక్కలి దాకా వచ్చాం, ఇంకేమైనా ఉందా?

రావివలస ఎండల మల్లికార్జున స్వామి. పైకప్పు లేకుండా ఆరుబయట ఎండలో ఉండే పెద్ద లింగం, అందుకే ఆ పేరు. కార్తీక సోమవారాలు రద్దీ.

గుణుపురం రైలు గురించి చెప్తుంటారు, అదేంటి?

నౌపడ జంక్షన్ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే లైను. 1900లో పర్లాకిమిడి రాజావారు మొదట పర్లాకిమిడి దాకా వేయించిన చిన్న రైలు, మా తాతలకి అది "బుల్లి బండి". ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది, అయినా ఆ లైను అందం పోలేదు, ఒక పక్క కొండలు, ఇంకో పక్క వరి, మధ్యలో తెలుగు కాస్తా ఒడియా అయిపోతుంది, డబ్బాలో ఒకే కుటుంబం రెండు భాషల్లో పోట్లాడుకుంటుంది. రోజుకి బళ్ళు తక్కువ, తిరుగు టైమ్ చూసుకుని ఎక్కండి.

ఉద్దానం వెళ్ళొచ్చా? అక్కడి నీళ్ళ గురించి ఏవేవో విన్నాం.

వెళ్ళొచ్చు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ఇవన్నీ ఉద్దానం, అంటే ఉద్యానవనం, పేరుకి తగ్గట్టే కొబ్బరి, జీడిమామిడి, పనస. కిడ్నీ జబ్బు చాలా ఇళ్ళని కూల్చిన మాట నిజం, ఒక్క కారణం ఇదీ అని తేలలేదు. ఒకట్రెండు రోజులు వచ్చి వెళ్ళేవాళ్ళు సీసా నీళ్ళు తాగండి, భయపడక్కర్లేదు. కానీ దాని గురించి కెమెరా పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడగొద్దు, ఆ ఇళ్ళకి అలా వచ్చి వెళ్ళినవాళ్ళు ఇప్పటికే చాలామంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఈ తోటల్ని పడుకోబెట్టేసింది. కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, మా పెద్దనాన్న ఆ చెట్లని కొడుకుల్లా లెక్కపెట్టేవాడు. ఇప్పుడు మీరు తోటల్లో నడిస్తే ఆకాశమంత ఎత్తు పాత చెట్ల పక్కనే తలెత్తకుండా చూడగలిగే పిల్ల చెట్లు కనిపిస్తాయి, అవి తిత్లీ తర్వాత పెట్టినవి.

ఏ సీజన్ మంచిది?

నవంబర్ చివర్నుంచి ఫిబ్రవరి. అక్టోబర్, నవంబర్ మొదట్లో వాయుగుండం వార్త చూసుకుని బయల్దేరండి. ఎండాకాలం ఉక్క ఎక్కువ, కానీ ముంజలు, పనస, పచ్చి జీడిపప్పు కోసం వస్తానంటే కాదనను.

తిండి సంగతి?

టౌన్లలో మెస్‌లు ఉన్నాయి, పల్లెల్లో మధ్యాహ్నం భోజనం దొరుకుతుందని నమ్మకం లేదు, పొద్దున టిఫిన్ గట్టిగా చేసి బయల్దేరండి. రాగుల్ని మావైపు చోళ్ళు అంటారు, చోడంబలి ఎవరైనా ఇస్తే ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగండి, ఎండలో దానికి మించింది లేదు. పనసపొట్టు కూర, మెత్తళ్ళ పులుసు, చలికాలం తేగలు. పచ్చి జీడిపప్పు కూర హోటల్లో కన్నా ఇంట్లోనే బాగుంటుంది.

మీ వైపు మాట మాకు అర్థమవుతుందా?

అవుతుంది, రెండు రోజులు చెవి అలవాటు పడాలంతే. "ఏటి", "ఎల్తన్నాం", "ఒగ్గీ" (వదిలెయ్), "కూకోండి". మమ్మల్ని అనుకరించి నవ్వకండి, సినిమాల్లో ఆ పని చాలాకాలం చేశారు. మీ మాటలో మీరు మాట్లాడండి, పెద్దవాళ్ళని అమ్మా, బాబూ అని పిలిస్తే చాలు, దారి అడిగితే చెప్పడం కాదు, సగం దూరం వెంట వస్తారు.

ఆడవాళ్ళు ఒక్కరే రావచ్చా?

మా చెల్లి, దాని ఫ్రెండ్స్ చాలాసార్లు తిరిగారు. పగలు ఇబ్బంది లేదు, "ఒక్కదానివే ఎందుకొచ్చావు" అని పది మంది అడుగుతారు, అది ఆరా కన్నా బెంగ ఎక్కువ. చీకటి పడేలోపు టౌన్‌కి చేరిపోండి, నిర్జనంగా ఉన్న బీచ్‌ల మీద ఒంటరిగా సాయంత్రం ఉండొద్దు.

ఇంటికి ఏం పట్టుకెళ్ళాలి?

పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, బూడితి ఇత్తడి. బూడితి సారవకోట మండలంలో చిన్న ఊరు, అక్కడి ఇత్తడి, కంచు సామానుకి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకుగా ఇచ్చే భౌగోళిక గుర్తింపు ఉంది. బిందెలు, చెంబులు చేసే ఇంటి ముందు నిలబడి సుత్తి దెబ్బలు వినండి, ఒక్కో దెబ్బకి ఒక చిన్న చుక్క పడి ఆ చుక్కలన్నీ కలిసి చెంబు మీద పొలుసుల్లా మెరుస్తాయి. మా ఇంట్లో అమ్మమ్మ పెళ్ళినాటి చెంబు ఒకటుంది, ఇప్పటికీ అందులోనే నీళ్ళు తాగుతాం. కొనేముందు బస్సులో మోసుకెళ్ళగలిగే బరువేనా చూసుకోండి, బిందె అయితే లోపల బట్టలు కుక్కి మూతి కట్టేస్తే అదే బ్యాగ్ అయిపోతుంది.